రెండు కాయిదాలు, రెండు దారాలు

"దిష్టి ఉన్నదట! లెక్క సెయ్యాలెనట!"

ఫోను పెట్టేసి మల్లమ్మ అవ్వ అన్న మొదటి మాట ఇదే. రెండో మాట అనేలోపు అది గడప దాటింది. మూడో మాటకు గల్లీ దాటింది.

తప్పు అవ్వది కాదు, మగ్గాలది. నారాయణపేటలోని ఆ గల్లీలో అందరూ నేతలే, కానీ ఒక్కరూ ఓట్లడగరు. పగటిపూట ఆ మగ్గాల చప్పుడు ముందు ఏ ఎన్నికల మైకూ నిలవదు. ఒక చెవిలో మనిషి మాట్లాడుతుంటే ఇంకో చెవిలో పోగు మోసే నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తుతుంటుంది. బడికి వారానికి రెండు రోజులు వచ్చే ప్రత్యేక టీచరు శ్రీలత అవతలి నుంచి, "నిరోషకు ఉన్నది డిస్లెక్సియా అవ్వా! సాయంత్రం నేనే వచ్చి అందరికి చెప్త" అని చక్కగానే చెప్పింది. పక్కింటి మగ్గం ఆ మాటను నేసి ఇటు ఇచ్చేసరికి, అది దిష్టిగా, ఆ దిష్టికి ఒక లెక్కగా తయారైంది.

లెక్క అనగానే అవ్వ గడపలో చతికిలబడి రాళ్లుప్పు ముందేసుకుంది. మనుమరాలిని ఎవరెవరు ఏమేం అన్నారో గుర్తు చేసుకుంటూ, మనిషికో ఉప్పురాయి చొప్పున పక్కకు పెట్టింది. "ఎంత పెద్ద జడ" అన్నవాళ్లు ముగ్గురు. "ఎంత చురుకు" అన్నవాళ్లు అయిదుగురు. "నీ పిల్లకేందమ్మా" అని ఊరుకున్నవాళ్లు ఇద్దరు. పదకొండో రాయి దగ్గర ఆగి ఎదురింటి వైపు చూసింది. ఎదురింటి గుర్వమ్మ అప్పటికే కొంగులో ఎండుమిరపకాయలు పోసుకుని సాయానికి వస్తోంది. తానే పదకొండో రాయినని ఆమెకింకా తెలియదు.

ఆ ఇంటిని పోయిన వారం మనం ఎక్కడ వదిలామో చెబుతాను. ఆ ఇంట్లో పేర్లన్నీ తలకిందులు. తండ్రి పేరు అశోక్‌కుమార్. శోకం లేనివాడని పెట్టారు గానీ ఆయన ముఖంలో ఏడాది పొడుగునా ముసురే. కూతురు నిరోష. రోషం లేనిదని పెట్టారు, ఇంటి మొత్తానికి రావలసిన రోషమంతా ఆ పిల్ల ఒక్కతే పుట్టుకతో పట్టుకొచ్చింది. ఏడో తరగతి. నోటితో అడిగితే పాఠమంతా చెబుతుంది. చదవమంటే ఒక లైను దగ్గర నిలబడిపోతుంది, రాయమంటే అక్షరాలు చోట్లు మార్చుకుంటాయి. పిల్లకు తెలివి తక్కువ కాదు, ఒళ్లు బద్ధకమూ కాదు, చదవడంలో ఒక ఇబ్బంది ఉంది, పెద్ద దవాఖానలో క్యాంపుకు తీసుకుపోదామని శ్రీలత అంగీకార పత్రం పంపింది. తల్లి రోజారమణి దాని మీద మొగుడి చేత సంతకం పెట్టించింది. అదే రోజు అశోక్ బడి మాన్పించడానికి టీసీ దరఖాస్తు మీద కూడా సంతకం పెట్టాడు. అది మారయ్య హోటల్లో రాసింది. మారయ్య హోటల్లో టీ దొరుకుతుంది, టీసీ కూడా దొరుకుతుంది. అచ్చేసిన ఫారాలు డబ్బాలో ఉంటాయి, ఖాళీలు మారయ్య నింపుతాడు. ఏ కాయితమైనా రెండు ప్రతులు రాసి రెండింటి మీదా సంతకం పెట్టించడం ఆయన పద్ధతి. ఒకటి చాయ్‌లో పడినా ఇంకోటి ఉండాలని.

అట్లా ఒకే మనిషి రెండు దారులకూ సంతకం పెట్టాడు. ఇంటికి తెచ్చిన రెండు కాయితాలకూ మూలన చిల్లు పొడిచి, టీసీ కాయితానికి నల్ల దారం, క్యాంపు కాయితానికి పచ్చ దారం కట్టి, రెండు రోజులు మగ్గం నిట్టాడు గుంజకు వేలాడదీశాడు. "బడి వద్దు, మగ్గం మీద కూసుంటది" అని ఆయన, "నా బిడ్డ మగ్గంల మగ్గిపోవుడు నాకొద్దు" అని ఆమె. సోమవారం పొద్దున ఆయన మాట్లాడకుండా నల్ల దారం కాయితం తెంపుకుని బడికి పోయి హెడ్‌మాస్టరు చేతిలో పెట్టి వచ్చాడు. రోజారమణి గడప పట్టుకుని నిలబడిపోయింది. అక్కడ వదిలాం.

అదే రోజు మధ్యాహ్నం అశోక్ ఫోను మగ్గం మీద మరిచి నూలు తేవడానికి పోయాడు కాబట్టే, ఆ ఫోను అవ్వ చెవిన పడింది.

సాయంత్రం అయిదింటికి ఆయన నూలు కట్ట భుజాన వేసుకుని వచ్చేసరికి వాకిట్లో పదిహేను మంది ఆడవాళ్లు. నడుమ పీట మీద నిరోష. ముక్కు ఎర్రబడింది, కళ్లు నీళ్లు కారుతున్నాయి. ఏడుపు కాదు, మిరపకాయలు.

"ఏందే ఇది?" అన్నాడు అశోక్.

"దిష్టి తీస్తున్న కొడుకా. టీచరమ్మనే చెప్పింది, లెక్క పెట్టి తియ్యమని. పదకొండు మందిది ఉంది."

"పదకొండు ఎవరెవరు?" అని గుర్వమ్మ ఉత్సాహంగా అడిగింది.

అవ్వ చెప్పింది. పదో పేరు వరకు గుర్వమ్మ తల ఊపింది. పదకొండోది విని మిరపకాయలు కింద పారబోసింది. "నాదా? నా కండ్లా? పిల్ల కోసం ఇల్లంత ఎతికి మిరపకాయలు తెస్తే నా కండ్లకు నెంబరేస్తవా ముసల్దానా?"

"తెచ్చినవు గద, నీది నువ్వే తియ్యి. ఖర్చు కలిసొస్తది."

ఆ గొడవ మధ్యలోకి దగ్గుతూ శ్రీలత వచ్చింది. ఆ ఘాటుకు గడపలోనే రెండుసార్లు తుమ్మి, కళ్లు తుడుచుకుని, అందరినీ దాటుకుని వచ్చి అశోక్ ముందు చేతులు జోడించింది.

"అన్నా, మీకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. ఏ ఇంట్లనైనా తల్లి ముందుకొస్తది, తండ్రి వెనకకు గుంజుతడు. మీరే స్వయంగా బడికి తెచ్చిచ్చిన్రట. హెడ్‌మాస్టర్ సారు పొద్దుగాలనే ఫోన్ చేసి చెప్పిన్రు. రేపు పదింటికి దవాఖానల క్యాంపు. నిరోష పేరు జాబితాల ఎక్కింది."

అశోక్ నూలు కట్ట దించలేదు. "నేనిచ్చింది టీసీ కాయిదం మేడమ్."

"కాదన్నా. క్యాంపు కాయిదం. ఇగో."

వచ్చేటప్పుడు బడిలో తీసుకున్న కాయితాన్ని సంచిలోంచి తీసి చూపించింది. అశోక్ కాయితం వైపు చూడలేదు. దాని మూల వైపు చూశాడు. నల్ల దారం.

"ఇగో, నల్లదే గద" అన్నాడు. "నల్లది టీసీ. నేనే కట్టిన."

రోజారమణి లోపలికి ఉరికింది. నిట్టాడుకు మిగిలిన పచ్చ దారం కాయితం తెచ్చి, ఎనిమిదో తరగతి వరకు చదివిన గొంతుతో పైకి చదివింది. "బదిలీ పత్రం కోసం దరఖాస్తు..." ఆమె గొంతు అక్కడే ఆగింది. "ఓ నిరోష బాపూ, టీసీది ఇంట్లనే ఉన్నది!"

కోడలు నవ్వుతోందో ఏడుస్తోందో అవ్వకు అర్థం కాలేదు. దిష్టి పోయిందని మాత్రం అనుకుంది.

శ్రీలత మెల్లగా అడిగింది. "దారం సంగతి సరే అన్నా. కాయిదం మీద పెద్ద అక్షరాలతోని రాసే ఉంది గద. ఇచ్చేటప్పుడు చూడలేదా?"

గల్లీలో ఏదో మగ్గం ఆగింది. ఇంకోటి కూడా ఆగింది. నేతగాళ్లు మగ్గం గుంటల్లోంచి లేచి తలుపుల్లోకి వచ్చారు. హోటల్ కట్టేసి మారయ్య కూడా వచ్చి వెనక నిలబడ్డాడు.

"అద్దాలు లేకుంటే కండ్లు ఆనుతలేవు" అన్నాడు అశోక్.

"నీకు అద్దాలు ఎప్పుడున్నయ్?" అంది రోజారమణి.

ఆయనకు కోపమొచ్చింది. నూలు కట్ట అరుగు మీద విసిరాడు. "ఎవరు మార్చిన్రు దారాలు? నా మగ్గం మీది దారం ముట్టిందెవరు? చెప్పుండ్రి!"

"నేనే."

పీట మీంచి వచ్చింది ఆ మాట. నెత్తి మీద ఒక మిరపకాయ ఇంకా అట్లాగే ఉంది. నిరోష దాన్ని తీసి పక్కన పెట్టి, ముక్కు తుడుచుకుంది.

"నువ్వు దారం చూసే ఇస్తవు, కాయిదం చూడవు. నాకు ఎర్కనే బాపు. అందుకే మార్చిన."

"ఏం ఎర్క నీకు?"

"నువ్వు చదవవని."

ఎవరో కిసుక్కున నవ్వబోయి మానుకున్నారు. అశోక్ రోజూ పొద్దున మారయ్య హోటల్లో పేపరు చదివే మనిషి. మడతపెట్టి, తిప్పి, 'హూఁ' అని మళ్లీ మడతపెట్టి, పక్కవాడు అడిగితే గానీ ఇవ్వడు.

"గట్లంటవేందే బిడ్డా, మీ బాపు పొద్దుగాల లేస్తే పేపరే గద!" అన్నాడు మారయ్య.

"పట్టుకుంటడు తాతా. నేను పాలకొచ్చినప్పుడు చూస్త. ఒక పేజీ మీద ఎంతసేపుంటడో, ఇంకో పేజీ మీద గంతనే సేపుంటడు. పెద్ద సబ్బు బొమ్మ ఒక్కటే ఉన్న పేజీ మీద గూడ గంతనే సేపు. నేను గూడ బడిల గట్లనే చేస్త. అందరు తిప్పినప్పుడు తిప్పుత."

అశోక్ అరుగు మీద కూర్చున్నాడు.

గుర్వమ్మ ఆయన పక్షాన నిలబడింది. పదకొండో రాయి అవమానం మరిచి మరీ. "పాపం, ఆయనకు తెల్వందేముంది! గా మగ్గం కాడ దారాల దండ చూడుండ్రి. ఒక్క పడుగు మీద ఎనిమిది చీరలు, ఎనిమిదింటికి ఎనిమిది రంగులు. అందరు చిట్టీ రాసి గోడకు అంటిస్తరు. ఈయన ఏ చీరకు ఏ రంగో ఆ దారం ముక్క ముడేస్తడు. ఒక్కనాడన్న తప్పు పోయిందా? వాళ్ల బాపు నేర్పిన పద్ధతాయె!"

"ఎవరు చెప్పిన్రే నీకు?" అంది మల్లమ్మ అవ్వ. "మా ఆయన సుద్దముక్కతోని గోడ మీద రాస్తుండె. సున్నమేసినప్పుడల్ల మల్ల రాస్తుండె. దారాలు వీడే మొదలువెట్టిండు. పన్నెండేండ్లప్పుడు."

చెప్పి, చెప్పిన మాట తన చెవికే కొత్తగా వినపడినట్టు ఆగిపోయింది. ఆమె చేతిలోని ఉప్పు జారి పడింది. ఈసారి లెక్క పెట్టలేదు.

"కొడుకా... బడి గంట కొట్టంగనే నువ్వు నూలు కండెలు సుట్టుకుంట కూసునేటోనివి. నా కొడుకుకు పని మీద ఎంత పాణమో అని ఊరంత చెప్పుకున్న. పని మీద పాణం గాదారా అది?"

అశోక్ మాట్లాడే ముందు అరుగు మీద నూలు కట్టలోంచి ఒక పోగు లాగి వేలికి చుట్టుకున్నాడు. ఆయన చేతికి ఏదో ఒక దారం లేకపోతే నోటికి మాట రాదు.

"అయిదో తరగతిల సారు నా పలక నా మెడలనే కట్టి, మన గల్లీ పొడుగున తిప్పిచ్చిండు. దాని మీద నేను రాసిన నా పేరే ఉండె, తప్పుగ. అశోకు కాదు, ఇంకేందో. అందరు చదివి నవ్వుతున్నరు, ఏమని నవ్వుతున్నరో నాకు చదవరాలె. గా దినం నుంచి నేను రాసేది ఒక్కటే, సంతకం. అది గూడ రాయను. చీర మీద బుట్టా పువ్వు ఏసినట్టు ఏస్త." కూతురి వైపు చూశాడు. "ఈ పిల్ల చదువుతుంటే నాకు గా పలకనే కనపడుతది మేడమ్. మగ్గం మీద ఉంటే ఎవ్వరు నవ్వరు. ఇంటి నీడల ఉంటది. అందుకే టీసీ. నా బిడ్డ చదువు మీద నాకేం పగ?"

రోజారమణికి పదిహేనేళ్ల సంసారంలో ఈ ముడి ఎప్పుడూ కంటపడలేదు. మొగుడు బజారు చీటీ తన చేత చదివించుకోవడం పెత్తనమనుకుంది. ఉత్తరాలు తన చేత విప్పించుకోవడం ప్రేమనుకుంది. పోయి పక్కన కూర్చుంది.

నిరోష మాత్రం లేచి నిలబడింది.

"నవ్వుతే నవ్వనియ్ బాపు. నేను పోత."

"నీకేం తెలుసు, బడిల..."

"నాకే తెలుసు. రోజు పోయేది నేనే గద. నవ్వేటోళ్లు నవ్వుతరు. తిక్కల్ది అంటరు. గది అలవాటే. శ్రీలత మేడం వచ్చినంక మంగళవారం, శుక్రవారం ఒక గంట నాకు మంచిగుంటది. గా రెండు గంటల కోసం మిగిలిన రోజులన్ని పోత. నన్ను తియ్యకు." ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. "నిన్న ఐతారం నువ్వు లేనప్పుడు మగ్గం గుంటల కూసోని రెండు కాయిదాలు చదివిన. ఏదేందో తెలిసినంకనే దారాలు మార్చిన. ఊకనే మార్చలేదు."

శ్రీలత అడుగు ముందుకు వేసింది. "నువ్వు ఒక్కదానివే చదివినవా?"

"మీరు చెప్పినట్టే మేడమ్. లైను కింద దారం పెట్టుకున్న, కింది లైను పైకి రాకుండ. ఒక్కో అక్షరం వేలుతోని ముట్టిన. రెండింటికి కలిపి పొద్దుమూకింది."

"మొత్తం చదివినవా?" అని అడిగింది ఈసారి అశోక్.

"మొత్తం. ఒక్క మాటనే తెల్వలే. రెండింట్ల ఉంది. అభ్యం... అభ్యంతరం. 'నాకు ఎటువంటి అభ్యంతరం లేదు.' గదేంది?"

అశోక్ కూతుర్ని చూశాడు. ఆయన ఇరవై తొమ్మిదేళ్లుగా దారం పట్టుకుని అక్షరాల నుంచి తప్పించుకున్నాడు. ఈ పిల్ల అదే దారం పట్టుకుని అక్షరాల మీదికే పోయింది. ఇద్దరిదీ ఒకే నూలు, నేత వేరు.

"మేడమ్" అన్నాడు అశోక్. "గీ క్యాంపుల ఏం చేస్తరు? ఏం చేసినా పిల్లకు చదువు గిట్లనే ఉంటదా?"

"సూదులు, మందులు ఏం ఉండవన్నా. చదివిస్తరు, రాయిస్తరు, బొమ్మలు పెట్టిస్తరు, పిల్ల ఎక్కడ ఆగుతుందో చూస్తరు. కాయిదం చేతికొస్తే నేను రెండు గంటలు కాదు, ఇంకా ఎక్కువ అడగొచ్చు. పరీక్షల ఎక్కువ టైం అడగొచ్చు, తను చెప్తుంటే రాసేటోళ్లను అడగొచ్చు. ఇది పూర్తిగ పోదు. కానీ పిల్ల ఆగదు. ఇప్పటికే ఆగుతలేదు, చూస్తున్నరు గద!" ఫారం తిప్పి కింది వైపు చూపించింది. "ఒక్క ఖాళీ ఉంది. 'కుటుంబంలో ఇంకెవరికైనా ఈ ఇబ్బంది ఉన్నదా?' నింపకున్నా నడుస్తది అన్నా. మీ ఇష్టం."

అశోక్ లేచాడు. అరుగు మీద నిలబడితే గల్లీ మొత్తం కనిపిస్తుంది. ఒకప్పుడు పలక మెడలో వేసుకుని నడిచిన గల్లీ. అప్పుడు నవ్విన వాళ్లలో కొందరు నెరిసిన తలలతో ఇప్పుడు తలుపుల్లో నిలబడి ఉన్నారు. ఆయన వేలికి చుట్టుకున్న పోగు విప్పి, శ్రీలత వైపు చూశాడు.

"గా మాట మల్లొక్కసారి చెప్పుండ్రి మేడమ్. మెల్లగ."

"డిస్."

ఒక ముడి వేశాడు.

"లెక్."

ఇంకో ముడి.

"సి. యా."

నాలుగు ముళ్లు. పోగును అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నాడు.

"మా అమ్మ చెప్పింది దిష్టి, లెక్క. అది గాదు. ఎవ్వరి దిష్టి లేదు, గుర్వక్క కండ్లకు ఏం పాపం లేదు." ముడి మీద వేలు పెట్టాడు. "డిస్. లెక్. సి. యా. అక్షరాలు కండ్లకు కనపడుతయ్, తలకాయలకు పోయేటప్పుడు జాగా తప్పుతయ్. తెలివి తక్కువై గాదు, కొవ్వెక్కి గాదు. సారు కొడితే పోదు, పలక కడితే పోదు, మిరపకాయలకు అసలే పోదు. నా బిడ్డకు ఉన్నది. నాకు గూడ ఉన్నది, ఇన్నేండ్ల సంది దారాల కింద దాచిపెట్టుకున్న. మేడమ్, గా ఖాళీల నా పేరు రాయుండ్రి. నాకు ఎటువంటి అభ్యంతరం లేదు."

"గదేంది బాపు?" అంది నిరోష.

"అడ్డం రానని బిడ్డా."

అవ్వ ఉప్పంతా కొంగుతో తుడిచి గుర్వమ్మ ఒళ్లో పోసింది. "పదకొండో రాయి తీసేసిన. కూరలేసుకో." గుర్వమ్మ ముక్కు చీదింది, మిరపకాయల వల్లనే అని అందరికీ చెప్పింది. ఎవరో 'డిస్ లెక్ సియా' అని నోట్లో అనుకుంటూ తమ ఇంటి వైపు నడిచారు. వాళ్లింట్లో కూడా ఒక పిల్లవాడు నాలుగో తరగతి దగ్గర ఆగి ఉన్నాడు.

అశోక్ పచ్చ దారం కట్టి ఉన్న టీసీ కాయితాన్ని నిలువునా చింపాడు. చింపిన చప్పుడుకు వెనక నిలబడ్డ మారయ్య ఉలిక్కిపడ్డాడు. చాలాసేపటి నుంచి ఆయన తువ్వాలును పిండుతున్నాడు, తడి లేకపోయినా.

"తమ్మీ అశోకూ... నువ్వు రెండు టీసీ కాయిదాల మీద సంతకం పెట్టినవు గద. తీస్కపోయింది ఒక్కటే."

"అయితే?"

"రెండోది నా డబ్బల ఉండె."

"ఉండె అంటే? ఇప్పుడు లేదా?"

"ఇందాక హెడ్‌మాస్టర్ సారు చాయ్‌కొచ్చిండు. నీకు మల్ల తిరిగే తిప్పలెందుకని ఆయన జేబుల పెట్టిన. 'పొద్దుగాల ఒకటిచ్చి సాయంత్రం ఇంకోటేంది' అన్నడు. 'తండ్రి సంతకమే గద, రేపు నేను పాలమూరు మీటింగుల ఉంట, ఇప్పుడే బడికి పోయి పేరు కొట్టేసి ఆరింటి బస్సెక్కుత' అని లేచిండు."

శ్రీలత అప్పటికే హెడ్‌మాస్టరుకు ఫోను చేసి చెవికి పెట్టుకుంది. అవతల మోగుతూనే ఉంది. "పేరు కొట్టేస్తే పిల్ల రేపటి జాబితాల ఉండదు" అంది. "రేపటి క్యాంపు బడి పిల్లలకే. మల్ల ఎప్పుడు పెడతరో నాకు గూడ తెల్వదు."

గోడ గడియారం అయిదూ ముప్పావు చూపిస్తోంది. అశోక్ చెప్పుల కోసం చూశాడు. గడప దగ్గర ఆయనవి మాత్రమే ఉన్నాయి. నిరోష చెప్పులు లేవు, నిరోషా లేదు. బడి వైపు తిరిగే గల్లీ మలుపులో పెద్ద జడ ఒక్కసారి ఊగి మాయమైంది.